కరియ కూడు మానలేదు, తినలేకపోయినాడు

మా అవ్వ నోట ఒక మాట ఉంది. "కాళ్ళు పడిపోయిన కుక్క కూడు ఇడిసిందంటే, ఇంగ దాన్ని కదిలించరాదు. దాని కాలం దానికి తెలుసు." అవ్వకు వాళ్ళమ్మ చెప్పిందంట. కోలారు చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళలో అటూఇటూగా ఇదే మాట చాలాచోట్ల విన్నాం. ఈసారి ఆ మాటను కాదనడానికే కూర్చున్నాం. అవ్వకు ముందే చెప్పినాం కూడా. "రాసుకోండిపో, నాకేమన్నా చదువొచ్చునా" అనింది.

అవ్వకు కుక్కలంటే ఇష్టం లేదని ఎవరూ అనుకోవద్దు. సీతి బెట్ట భైరవుడికి మొక్కే ఇల్లు మాది. కుక్క భైరవుడి వాహనం, దానికి పెట్టకుండా మనం కంచం ముందర కూర్చోరాదు అని మాకు నేర్పింది అవ్వే. ఆ మాట కఠినత్వంతో పుట్టింది కాదు. డాక్టరు లేని కాలంలో, చేయడానికి ఏమీ లేనిచోట, మూగజీవిని అనవసరంగా బాధపెట్టకూడదని పుట్టిన మాట అది. అప్పటికి అదే దయ. ఇప్పుడూ అదే దయ అనుకోవడం దగ్గరే మాకు పేచీ.

మేం చిన్నగా ఉన్నప్పుడు ఎర్రోడు అని ఒక కుక్క ఉండేది. ఒక వానాకాలం చివర్లో దాని వెనక కాళ్ళు కుంటుపడినాయి. మోకాళ్ళు వాచినాయి. చెవుల నిండా పిడుదులు, మా ఇంట్లో కన్నడ మాటే, ఉణ్ణెలంటాం. రెండు రోజులకు కూడు ముట్టడం మానేసింది. అవ్వ మాట ప్రకారం దాన్ని పశువుల కొట్టం మూలలో గోనెపట్ట మీద పడుకోబెట్టి, ఒక చెంబులో నీళ్ళు పెట్టినాం. అయిదో రోజు పొద్దున పోయింది. ఏడ్చినాం, వేపచెట్టు కింద పూడ్చినాం, దాని కాలం అయిపోయిందనుకున్నాం. ఎన్నో ఏళ్ళ తర్వాత, ఉణ్ణెల వల్ల వచ్చే జ్వరం గురించి తెలిసింది. అది కుక్కల రక్తంలో చేరి జ్వరం తెస్తుంది, కీళ్ళు వాచి కుంటేటట్టు చేస్తుంది, ఆకలి చంపేస్తుంది. డాక్సీసైక్లిన్ అనే మామూలు మందు, సాధారణంగా నాలుగు వారాలు వాడితే చాలా కుక్కలు తేరుకుంటాయి. ఎర్రోడికి వచ్చింది అదేనని చెప్పలేం. రక్తం తీసి చూసినవాళ్ళు లేరు. చూడలేదన్నదే ఇన్నేళ్ళయినా మమ్మల్ని పొడుస్తా ఉంది.

ఇప్పుడు కరియ సంగతి. పదకొండేళ్ళ కిందట చిన్నాయన టమాటా మండీ నుంచి ఖాళీ బాక్సులు తెస్తే, ఒకదాంట్లో నల్లగా ఒక పిల్ల. సగం నాటు, సగం లాబ్రడార్. నల్లోడు అనకుండా కరియ అని కన్నడంలో పిలిచిందెవరో గుర్తులేదు. వాడితో మాట్లాడేదంతా తెలుగే, పేరు మాత్రం కన్నడం. మా అందరి మాదిరే.

రెండేళ్ళుగా వాడికి పొద్దున లేవడం కష్టంగా ఉండేది. పడుకున్నచోటి నుంచి ముందు కాళ్ళ మీద లేచి, వెనక భాగాన్ని ఈడ్చుకొని, నాలుగడుగులు వేసినాక సర్దుకునేవాడు. ముసలితనం అనుకున్నాం. పోయిన డిసెంబరు చలిలో, ఇక్కడి పొద్దుటి చలి మీకు తెలిసిందే, ఒకరోజు సంగటి ముట్టలేదు. మరుసటి రోజూ ముట్టలేదు.

అప్పుడు మా ఇంట్లో ముగ్గురు మూడు వైద్యాలు మొదలుపెట్టినారు. అవ్వ తన మాట చెప్పింది. అమ్మ వరసగా వండింది: చారు అన్నం, పెరుగన్నం, కోడిగుడ్డు, చివరికి ఎర్రగడ్డ, తెల్లగడ్డ దండిగా వేసిన మటన్ పులుసు. వాడు గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, పెదాలు నాక్కొని, తల తిప్పుకొని పోయినాడు. అమ్మకు అది అవమానం మాదిరి తోచింది. చిన్నాయన మాత్రం, వీడికి కాళ్ళ నొప్పి, నొప్పి తగ్గితే తింటాడు అన్నాడు. మా ముగ్గురిలో సగం నిజం దగ్గరికి పోయిందీ ఆయనే, ఎక్కువ చెరుపు చేసిందీ ఆయనే. తన మోకాళ్ళకు వాడే డైక్లోఫెనాక్ మాత్రలో సగం తుంచి, బెల్లంలో పెట్టి మింగించినాడు. రెండు పూటలు. మేం చూస్తూనే ఉన్నాం, వద్దనలేదు, కాబట్టి తప్పు ఆయనొక్కడిదే అని రాయలేం.

మూడో రోజు రాత్రి వాంతులు. తెల్లవారి తారు మాదిరి నల్లగా దొడ్డికి పోయినాడు. నల్లగా పోవడమంటే కడుపులో రక్తం కారుతున్నట్టు అని మాకు తర్వాత తెలిసింది. చిగుళ్ళు ఎత్తి చూస్తే ఎరుపు లేదు, పాలిపోయి ఉన్నాయి. అప్పుడు ఎత్తుకొని పోయినాం పశువుల ఆసుపత్రికి.

మనుషుల నొప్పి మాత్ర కుక్కకు వేయరాదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా మనం లెక్కవేసి ఇచ్చే మందు కాదు, పిల్లికైతే ప్రాణమే పోతుంది. ఈ డైక్లోఫెనాక్ పశువులకు వాడటం మన దేశంలో 2006 లోనే నిషేధించినారు. అది రాబందుల కోసం. ఆ మందు పడిన పశువు కళేబరం తిని దేశమంతా రాబందులు రాలిపోయినాయి. మన రామనగర గుట్టల మీద మిగిలిన నాలుగింటి కోసం 2012 లో అభయారణ్యం పెట్టాల్సి వచ్చింది. ఇంత కథ ఉన్న మాత్ర మన దేవుడి గూట్లో విబూది పక్కన పడి ఉంటుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు మమ్మల్ని తిట్టలేదు. జ్వరం చూసింది, 101.8. కుక్కకు 101 నుంచి 102.5 దాకా మామూలే, మన లెక్కలో చూసి భయపడకూడదు. వాంతికి, కడుపుకు ఇంజక్షన్లు వేసి, సెలైన్ ఎక్కించింది. తర్వాత అడిగిన ప్రశ్న మాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఊట బిట్టిదె అంతీరి. బేడ అన్నుత్తా, ఆగల్లా అన్నుత్తా?" తిండి మానేసిందంటున్నారు సరే, వద్దంటోందా, చేతకాదంటోందా?

మేం నోరు తెరుచుకొని నిలబడినాం. మూడు రోజులు ఇంట్లో ఏడుగురం ఉండి, ఎవరం చూడలేదు అది. గిన్నె దాకా వచ్చి వాసన చూసి తిరిగిపోతే, పెదాలు నాక్కుంటే, జొల్లు కారుస్తే కడుపులో తిప్పుతున్నట్టు. తీసుకొని నమలబోయి జారవిడిస్తే పన్నో చిగురో నొప్పి. గిన్నె దాకా రాకుండా పడుకున్నచోటే తోక ఊపితే నడవలేక. గిన్నె ముందర నిలబడి, తల కిందికి వంచబోయి ఆగిపోతే మెడో భుజమో మోచేయో. తల వంచితే బరువంతా ముందు కాళ్ళ మీద పడుతుంది కదా. ఏదీ చేయకుండా ముడుచుకొని పడుకుంటే జ్వరమో, లోపల ఇంకేదో. ఒక్కొక్కదానికి వైద్యం వేరు. మేం మాత్రం అన్నిటికీ ఒకటే చేసినాం, ఇంకో వంట.

అప్పుడు మా భాష మీదే మాకు అనుమానం వచ్చింది. తెలుగులో కూడు ఇడిసింది, అన్నం మానేసింది అంటాం. కన్నడంలో ఊట బిట్టిదె. రెండింట్లోనూ అది ఆ జీవి తీసుకున్న నిర్ణయం మాదిరే వినబడుతుంది, ఎవరో సన్యాసి సంసారం విడిచినట్టు. అట్లా అనేసినాక ఇంగ మనం చేసేదేముంది? దండం పెట్టి పక్కకు జరగడమే. తినలేకపోతోంది అని చూడండి. వెంటనే 'ఎందుకు' అనే ప్రశ్న దాని వెనకే వస్తుంది. అవ్వతో మా పేచీ మొత్తం ఈ ఒక్క క్రియాపదం దగ్గరే ఉంది.

ఇంకో పక్క అమ్మ పద్ధతిని కూడా మేం ఒప్పుకోం. మన ఇళ్ళలో ప్రేమంటే పెట్టడం. ఎవరొచ్చినా మొదటి మాట "అన్నం తింటిరా". అందుకే తినకపోతే మనకు కాళ్ళూ చేతులూ ఆడవు, ఉన్నదంతా తెచ్చి ముందర పెడతాం. కడుపు తిప్పుతున్న కుక్క ముందర దానికి బాగా ఇష్టమైనది పెడితే, ఆ వాసనకూ ఆ వికారానికీ ముడి పడిపోయి, బాగయినాక కూడా అది ముట్టదంట. కరియ ఇప్పటికీ మటన్ పులుసు వాసనకు మొహం తిప్పుకుంటాడు. ఒకందుకు మంచిదే అయింది. ఎర్రగడ్డ, తెల్లగడ్డ కుక్క రక్తంలో ఎర్రకణాలను విరగ్గొడతాయి. వండినా పోదు. ఆ సంగతి తెలియక ఇన్నేళ్ళు మిగిలిన పులుసంతా వాళ్ళకే పోసినాం. ద్రాక్ష కూడా అంతే, మూత్రపిండాలకు చెరుపు. చిక్కబళ్ళాపురం వైపు తోటలున్న మన చుట్టాలకు ఇది ప్రత్యేకంగా చెప్తున్నాం.

కోలారులో రెండు రోజులు సెలైన్ అయినాక, ఎక్స్‌రేకి, పూర్తి రక్తపరీక్షకి హెబ్బాళం పశువైద్య కళాశాలకు పోయినాం. 1958 నుంచి ఉన్న కాలేజీ అది, ఇక్కడి నుంచి సుమారు 70 కిలోమీటర్లు. చిన్నాయనే టెంపోలో గోనెలు పరిచి తీసుకుపోయినాడు, దారిపొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. తుంటి కీళ్ళు రెండూ అరిగి ఉన్నాయి. క్రియాటినిన్ బాగుంది, మూత్రపిండాలు తప్పించుకున్నాయి. ఉణ్ణెల జ్వరం లేదు. కడుపు కుదురుకునేదాకా నొప్పి మందుల్లో కడుపును ఇబ్బంది పెట్టని రకం ఒకటి ఇచ్చినారు. కుక్కలకని ఉన్న అసలు కీళ్ళ మందు తర్వాత, అన్నం తిన్నాకే వేయాలని, ఆకలి తగ్గినా, వాంతి అయినా, నల్లగా పోయినా అదే రోజు ఆపి ఫోన్ చేయాలని చెప్పినారు. కీళ్ళ నొప్పికి ఇచ్చే మందే ఆకలిని చంపగలదు. ఈ మాట మందు రాసేటప్పుడు ప్రతి డాక్టరూ చెప్పాలని మా కోరిక. చెప్పకపోతే మనమే అడగాలి.

ఇంట్లో చేసినవి పెద్ద పనులేమీ కావు. గిన్నెను నేల మీద నుంచి తీసి, అవ్వ కూరగాయలు తరిగే పీట మీద పెట్టినాం, వాడి మోచేయి ఎత్తుకు కొంచెం తక్కువగా. (పెద్ద జాతి, లోతు రొమ్ము ఉన్న కుక్కలకు ఎత్తు గిన్నె మంచిదా కాదా అన్నదాని మీద డాక్టర్లలో వేరే అభిప్రాయం ఉంది, అడిగి చేయండి.) కొత్త ఇంటికి టైల్స్ వేయించినప్పటి నుంచే వాడికి కష్టం మొదలైందని మాకు అప్పుడు తట్టింది. నున్నటి నేల మీద కాళ్ళు అటూఇటూ జారతా ఉంటే, నిలబడి తినేదెట్లా? పడుకునేచోటి నుంచి గిన్నె దాకా, గిన్నె నుంచి వాకిలి దాకా గోనెపట్టలు పరిచినాం. చుట్టాలొచ్చినప్పుడు చూడ్డానికి రేషన్ అంగడి మాదిరి ఉంటుంది. ఉండనీ.

తిండి కొంచెం కొంచెంగా, రోజుకు అయిదుసార్లు. ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడి, ఎముక ఒక్కటీ లేకుండా పీచుపీచుగా తీసి, మెత్తటి అన్నంలో కలిపి, ఆ ఉడికిన నీళ్ళే పోసి, గోరువెచ్చగా. వేడి కావాల్సింది రుచికి కాదు, వాసనకు. ముసలి కుక్క ముక్కుతోనే తింటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి కూడుకు వాసన ఉండదు. పావుగంట చూసి, ముట్టకపోతే గిన్నె తీసేసేవాళ్ళం. రోజంతా ముందర పెట్టి ఉంచితే అది తిండి కాదు, బెదిరింపు. మందును కూట్లో కలపడం పూర్తిగా మానేసినాం. ఒక్కసారి చేదు తగిలిందంటే గిన్నె మీదే నమ్మకం పోతుంది. సిరంజితో నోట్లో పోద్దామని చిన్నాయన అంటే, డాక్టరమ్మ గట్టిగా వద్దనింది. ఊపిరితిత్తుల్లోకి పోతే అదొక కొత్త జబ్బు.

మేం చేసే పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఆ పనిలో మొదట నేర్పేది, ఒకసారి ఒకటే మార్చి చూడు అని. ఇంట్లో ముగ్గురు మూడు మార్చితే ఏది పనిచేసిందో, ఏది చెరిపిందో ఎవరికి తెలుస్తుంది? అందుకే వంటింట్లో క్యాలెండరు మీద రాయడం పెట్టినాం: ఎన్ని గంటలకు, ఏమి, ఎంత, తిన్నాడా, వాసన చూసి పోయినాడా, ఎట్లా దొడ్డికి పోయినాడు. మాకు బడిలో తెలుగు అక్షరాలు రాలేదు, పెద్దయినాక సొంతంగా నేర్చుకున్నవే. తొందరలో చెయ్యి కన్నడానికే పోతుంది. అందుకని ఆ క్యాలెండరు నిండా తెలుగు మాటలు కన్నడ లిపిలో ఉన్నాయి. డాక్టరమ్మ ఆ కాగితం చేతికి తీసుకొని, గడగడ చదివి, ఒక్క ముక్క అర్థం కాక మా మొహం చూసింది.

ఆ కాగితం వల్లనే ఒకటి దొరికింది. వాడు పొద్దున ఎప్పుడూ తినడం లేదు, మధ్యాహ్నం ఎండ పడినాక తింటున్నాడు. ఆకలి లేక కాదు, పొద్దున కీళ్ళు బిగుసుకొని ఉంటాయి. అప్పటి నుంచి లేచినాక ఒక వేడి తుండుగుడ్డ తుంట్ల మీద వేసి, నెమ్మదిగా వాకిట్లో నాలుగు చుట్లు తిప్పి, ఆ తర్వాతే గిన్నె పెడుతున్నాం. ఎనిమిదో రోజు అమ్మ చేతిలోంచి నాలుగు పీచులు తిన్నాడు. పన్నెండో రోజు గిన్నె నాకి, పీట కూడా నాకినాడు. అమ్మ ఏమీ అనలేదు, స్టవ్ దగ్గరికి పోయి వీపు తిప్పుకొని నిలబడింది.

దీన్ని చదివి, ప్రతి ముసలి కుక్కా లేచి తింటుందని అనుకోవద్దు. అవ్వ మాట నిజమయ్యే రోజు ఒకటి ఉంటుంది. మూత్రపిండాలు పూర్తిగా పోయినాయనో, లోపల గడ్డ ఉందనో డాక్టరు చూసి చెప్పినాక, నొప్పి లేకుండా సాగనంపడమే దయ. మేం ఆ రోజుకు సిద్ధంగానే ఉన్నాం, ఉన్నాం అనుకుంటున్నాం. మేం కాదనేది చూడకముందే ఆ మాట అనేయడాన్ని. పెద్ద కుక్క ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి. నీళ్ళు కూడా ముట్టకపోయినా, వాంతులున్నా, చిగుళ్ళు పాలిపోయినా ఆ ఒక్క రోజు కూడా ఆగకూడదు. మేం మూడు రోజులు ఆగినాం. ఎర్రోడికైతే అయిదు.

ఇప్పుడు ఇంట్లో గొడవ వేరే. హెబ్బాళంలో తూకం వేసినప్పుడు కరియ 31 కిలోలు, వారం పస్తుల తర్వాత కూడా. ముందు ఇంకెంత ఉండేవాడో. అరిగిన తుంట్ల మీద అంత బరువు మోయించింది మేమే, మా ప్రేమే. అమెరికాలో ఒక కుక్కల తిండి కంపెనీ వాళ్ళు 48 లాబ్రడార్లను జంటలుగా చేసి, జంటలో ఒకదానికి 25 శాతం తక్కువ పెట్టి, జీవితాంతం చూసినారంట. 2002 లో దాని లెక్కలు బయటికొచ్చినాయి. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికినాయి, వాటికి కీళ్ళనొప్పులు కూడా ఆలస్యంగా వచ్చినాయి. 27 దాటనీయొద్దని డాక్టరమ్మ హుకుం. కాబట్టి తిండి తిరిగి వచ్చిన సంతోషం మాకు నెలన్నరే. ఆ తర్వాత నుంచి గిన్నె కొలిచి పెడుతున్నాం, అవ్వ కొంగు కూడా వెతుకుతున్నాం.

ఉగాది రోజు దొరికిపోయింది. వాడి పట్ట పక్కన కూర్చొని, ఒబ్బట్టు తుంచి తుంచి పెడతా ఉంది. ఏమవ్వా ఇది, చెప్పినాం కదా అంటే, తల కూడా ఎత్తలేదు.

"మొన్న తినలేదని ఏడిస్తిరి, ఇప్పుడు తింటా ఉంటే ఏడుస్తారు. మీతో యాడ ఏగేదిరా కరియా."